లెక్కల సాఫ్ట్‌వేర్ పని అధ్యక్షుల మేనల్లుడికి ఇవ్వాలా, బయటివారికా?

రాయలసీమలోని ఒక జిల్లా కేంద్రం నుంచి, తాగునీటి చెరువులు, బడి మానేసిన పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలో 19 ఏళ్లుగా అకౌంటెంట్‌గా ఉన్న ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, సంస్థ పేరు, ఊరు పేరు రానివ్వవద్దని కోరారు. 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద నమోదైన ఆ సంస్థకు ఏటా 48 లక్షల రూపాయల వరకు విదేశీ విరాళం, రెండు కంపెనీల నుంచి సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు, స్థానికుల చందాలు వస్తాయి. లెక్కలు కొంత టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో, కొంత ఎక్సెల్‌లో, మరికొంత ఆమె చేతిరాత పుస్తకాల్లో ఉన్నాయి. మూడు నెలలకొకసారి ప్రాజెక్టుల వారీగా నివేదిక పంపాలని విదేశీ దాత షరతు పెట్టడంతో, కొత్త పద్ధతికి మారాలనీ, అందుకొక కన్సల్టెంట్‌ను పెట్టుకోవాలనీ కార్యవర్గం నిర్ణయించింది.

చిక్కు అక్కడే మొదలైంది. అధ్యక్షులవారి చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో ఇంటర్నెట్ ద్వారా వాడుకునే ఒక లెక్కల సాఫ్ట్‌వేర్‌ను అమ్మే కంపెనీలో పనిచేస్తున్నాడు. పని మొత్తం 90,000 రూపాయలకు తాను చేసిపెడతాననీ, ఆపైన ఏటా 60,000 చందా కడితే చాలనీ అతను చెప్పాడు. స్వచ్ఛంద సంస్థల లెక్కల్లో అనుభవమున్న ఒక బయటి సంస్థ, ఉన్న టాలీనే సరిదిద్ది కొత్త పద్ధతిలో నిలబెట్టడానికి 2,40,000 అడిగింది. మొదటి ఏడాది తర్వాత నిర్వహణకు ఏటా 30,000. సంస్థ ఆడిటర్‌గారు తమ ఆఫీసు కుర్రాళ్లే 75,000కు చేసిపెడతారన్నారు. వచ్చే నెల రెండో శనివారం జరిగే సమావేశానికి ఈ మూడింటినీ పోల్చి నోట్ పెట్టమని కార్యదర్శి ఈమెకు చెప్పారు.

రెండేళ్ల కిందట వచ్చిన ఒక కన్సల్టెంట్ డేటాకు పాస్‌వర్డ్ పెట్టి, పని సగంలో వదిలి, ఫోన్ ఎత్తడం మానేశాడు. పదకొండు నెలల వోచర్లను (ఒక్కో లావాదేవీకి రాసే చీటీలను) ఈమె మళ్లీ కూర్చుని ఎక్కించుకోవలసి వచ్చింది. అయినా సమావేశంలో "మన అకౌంటెంట్ సహకరించలేదు" అన్న మాట ఈమె మీదే పడింది. "ఈసారి కాదంటే కొత్తదానికి అడ్డుపడుతున్నానంటారు, అవునంటే రేపు ఏం జరిగినా నాదే తప్పంటారు. సాఫ్ట్‌వేర్ వచ్చాక నా అవసరమే ఉండదేమోనన్న భయం కూడా ఉంది. నేనేం చేయాలి?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోయిన లెక్కలను తిరిగి ఎక్కించడానికి మీరు కూర్చున్న ఆ రాత్రుల గురించి రాసిన పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. ఆనాడు నిజంగా జరిగిన తప్పేమిటో ముందు తేల్చుకుందాం. అది తేలనిదే ఈసారి ఎవరిని పెట్టుకున్నా అదే కథ జరుగుతుంది. టాలీలో డేటాకు వాల్ట్ పాస్‌వర్డ్ పెడితే, అది తెలిసినవారు లేనప్పుడు తిరిగి తెప్పించుకునే మార్గం లేదు. అంతటి తాళాన్ని బయటి మనిషి చేతికిచ్చి, రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఏ కాగితం మీదా రాసుకోకపోవడం సంస్థ చేసిన పొరపాటు. ఆ ఒప్పందం మీద సంతకం చేసింది మీరు కాదు, పని ముగిసిందని ధ్రువీకరించే అధికారం మీకు ఇవ్వనూలేదు. కాబట్టి ఆ నింద మీది కాదు. అయితే నింద ఎందుకు మీమీద పడిందో కూడా చూడండి: ఎవరి బాధ్యత ఏమిటో రాతలో లేనప్పుడు, తప్పు ఎప్పుడూ ఆ గదిలో రోజూ కూర్చునేవారి ఖాతాలోకే వెళ్తుంది.

ఇక మూడు ప్రతిపాదనలు. వీటిని పోల్చేముందు మరో ప్రశ్న ఉంది: మీకు కావలసింది కొత్త సాఫ్ట్‌వేరా, ఏ ఖర్చును ఏ పద్దు కింద రాయాలో చెప్పే కొత్త ఖాతాల పట్టికా? మీ టాలీలో "జీతాలు–చెరువులు", "జీతాలు–బడి", "డీజిల్–చెరువులు", "డీజిల్–బడి" అని 400కు పైగా లెడ్జర్లు (విడివిడి ఖాతాలు) పెరిగాయని మీరే రాశారు. ప్రాజెక్టు మారినప్పుడల్లా కొత్త లెడ్జర్లు పుట్టించే ఈ అలవాటు మన సంస్థల్లో చాలాచోట్ల ఉంది, మూడు నెలల నివేదిక నలభై గంటల పని కావడానికి అసలు కారణం కూడా ఇదే. ప్రతి ఖర్చుకూ మూడు ముఖాలుంటాయి: అది ఎలాంటి ఖర్చు, ఏ ప్రాజెక్టుది, ఎవరి డబ్బు. మొదటిది మాత్రమే లెడ్జరుగా ఉండాలి. రెండోది టాలీలో కాస్ట్ సెంటర్ అనే గుర్తుగా, మూడోది కాస్ట్ కేటగిరీ అనే గుర్తుగా పెట్టుకుంటే 400 లెడ్జర్లు ఎనభైకో తొంభైకో దిగుతాయి, దాత అడిగిన నివేదిక చాలావరకు అక్కడినుంచే వస్తుంది. విదేశీ విరాళానికి ప్రత్యేకమైన లెక్కల పుస్తకాలు ఉండాలన్నది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నిబంధన కనుక దానికి టాలీలో విడి ఫైలు ఉంచవలసిందే; దానిని స్థానిక నిధులతో కలిపి ఒకే తెరమీద చూపిస్తానని ఎవరైనా మురిపిస్తే, విడి పుస్తకాలు ఎలా నిలుస్తాయో కూడా చూపించమనండి.

అందువల్ల నాలుగో దారి కూడా మీ నోట్‌లో ఉండాలని నా అభిప్రాయం: ఒక ఏడాదిపాటు ఎవరికీ పెద్ద పని అప్పగించకుండా, ఖాతాల పట్టికను మీరే తిరగరాసి, టాలీ బాగా తెలిసినవారిని నాలుగైదు రోజులు రోజుకూలీ లెక్కన పిలిపించుకోవడం. దీనికి ఖర్చు తక్కువ, డేటా మీ చేతిలోనే ఉంటుంది. అయితే రోజువారీ పనితో పాటు ఈ బరువంతా మీమీదే పడుతుంది, కార్యదర్శి మీకు ఒక సహాయకుడిని ఇవ్వకపోతే మార్చి నెలలో మీరు కుంగిపోతారు. ఆ సహాయం రాతపూర్వకంగా దొరికితేనే ఈ దారి ఎంచుకోండి.

మేనల్లుడి ప్రతిపాదన మీకు అన్నిటికంటే ఇబ్బంది కలిగిస్తున్నది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువగానే చెబుతాను. బంధువు అయినంత మాత్రాన అతనికి పని ఇవ్వకూడదని చట్టం అనదు. సంస్థను నడిపేవారికీ వారి బంధువులకూ సంస్థ సొమ్ముతో అనుచిత లాభం చేకూరకూడదని అంటుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ లోని బంధువుల నిర్వచనంలో తోబుట్టువుల సంతానం కూడా ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ ఈ మూలసూత్రం పోలేదు. కాబట్టి అతనిని ఎంచుకుంటే అధ్యక్షులవారు తమ బంధుత్వాన్ని సమావేశంలో వెల్లడించాలి, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవాలి, చెల్లించే రుసుము బయటి ధరలకు తగినట్టుగా ఉందని మినిట్స్‌లో రాయించాలి. ఇవి మీరు పెట్టే అభ్యంతరాలు కావు, అధ్యక్షులవారికి రక్షణ. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మొదట ఇబ్బందిలో పడేది ఆయన పేరే.

అతని విషయంలో బంధుత్వం కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. అతను పనిచేసేది ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో. మీకు ఏది తగునో చెప్పవలసినవాడూ, ఒకటి అమ్మితే లాభపడేవాడూ ఒక్కరే అయినప్పుడు, సలహా ఎంత నిజాయితీగా ఇచ్చినా అది ఆ ఒక్క సరుకు చుట్టూనే తిరుగుతుంది. బయటి సంస్థకు కూడా ఈ ప్రశ్న వేయండి: మీరు సూచించే సాఫ్ట్‌వేర్ మీద మీకు కమీషన్ వస్తుందా? వస్తుందని చెబితే అది తప్పు కాదు, ఆ సంగతి తెలిసి నిర్ణయం తీసుకుంటారు. దాచిపెట్టి తర్వాత బయటపడితే మాత్రం మిగతా మాటలను కూడా అనుమానంతోనే చూడవలసి వస్తుంది.

ధర సంగతి. 90,000 చూసి కార్యవర్గం అటు మొగ్గుతుందని మీరు భయపడుతున్నారు. ఐదేళ్ల లెక్క వేసి చూపించండి. మేనల్లుడి ప్రతిపాదనలో 90,000, ఐదేళ్ల చందా 3,00,000 కలిసి 3,90,000 అవుతుంది. బయటి సంస్థకు 2,40,000, తర్వాతి నాలుగేళ్ల నిర్వహణ 1,20,000 కలిసి 3,60,000. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ కలిస్తే 4,60,200, 4,24,800 అవుతాయి. జీఎస్టీ నమోదు లేని మీ సంస్థకు ఆ పన్నులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. రుసుము చెల్లించేటప్పుడు టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోయవలసి ఉంటుంది, ఆ పనిని వృత్తి సేవ కింద పరిగణిస్తే ఒక రేటు, సాంకేతిక సేవ కింద అయితే మరొకటి. బిల్లు రాకముందే ఆడిటర్‌గారిని అడిగి పెట్టుకోండి.

ఈ డబ్బు ఏ నిధిలోంచి ఇవ్వాలన్నది మీ ఉత్తరంలో లేదు గానీ అది చాలా ముఖ్యం. ఎఫ్‌సీఆర్‌ఏకు 2020లో వచ్చిన సవరణ తర్వాత విదేశీ విరాళంలో 20 శాతానికి మించి పరిపాలనా ఖర్చులకు వాడకూడదు. అంతకుముందు ఈ పరిమితి 50 శాతం ఉండేది. లెక్కల నిర్వహణకయ్యే ఖర్చు, న్యాయ, వృత్తి రుసుములు పరిపాలనా ఖర్చుల నిర్వచనంలోనే ఉన్నాయి. 48 లక్షలలో 20 శాతం అంటే 9,60,000. మీ పరిపాలనా ఖర్చు ఇప్పటికే 8,10,000 దాకా ఉందని రాశారు. మిగిలేది 1,50,000 మాత్రమే. జీఎస్టీతో కలిపి 2,83,200 అయ్యే బయటి సంస్థ బిల్లును మొత్తం విదేశీ నిధిలో వేస్తే పరిమితి దాటిపోతుంది. కాబట్టి స్థానిక చందాల నుంచి కొంత కేటాయించాలి, లేదా పనిని రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య విడదీయాలి. నివేదికలు కోరుతున్నది దాతే కనుక ఈ ఖర్చుకు బడ్జెట్‌లో చోటు ఇవ్వమని వారిని అడగడంలో తప్పు లేదు. అయితే దాత ఒప్పుకున్నా 20 శాతం పరిమితి మాత్రం కదలదు.

ఆడిటర్‌గారి ప్రతిపాదన విషయంలో నా మాట కొంత కఠినంగా ఉంటుంది. ఒక కంపెనీకి ఆడిటర్‌గా ఉన్నవారు అదే కంపెనీకి ఆర్థిక సమాచార వ్యవస్థను రూపొందించి అమలుచేసే పని చేయకూడదని 2013 నాటి కంపెనీల చట్టం 144వ సెక్షన్ చెబుతోంది. మీది సంఘం కాబట్టి ఆ సెక్షన్ నేరుగా మీకు వర్తించదు. కానీ దాని వెనుక ఉన్న కారణం మీకూ వర్తిస్తుంది: తాను కట్టిన గోడలో పగుళ్లు ఉన్నాయని తానే రాయడం ఎవరికైనా కష్టం. 75,000తోనే పని అయిపోయి డబ్బు ఆదా కావచ్చు, కానీ మీ లెక్కలను బయటినుంచి నిష్పాక్షికంగా చూసే ఒకే ఒక్క కన్ను పోతుంది. ఖాతాల పట్టిక ముసాయిదాను ఆడిటర్‌గారికి చూపించి వారి సూచనలు తీసుకోండి, అది తప్పనిసరిగా చేయవలసిన పని. కట్టే పని మాత్రం వేరేవారికి ఇవ్వండి.

మేనల్లుడికీ బయటి సంస్థకూ మధ్య ఎంపికను మీ అభిప్రాయం మీద కాకుండా ఒక పరీక్ష మీద నిలబెట్టమని నా సలహా. మీ పాత ఫైళ్ల నుంచి మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన పది వోచర్లు తీయండి. మూడు ప్రాజెక్టుల పల్లెలు తిరిగిన జీపు డీజిల్ బిల్లు ఒకటి. జీతంలో అరవై శాతం విదేశీ నిధి నుంచి, నలభై శాతం సీఎస్‌ఆర్ నుంచి వచ్చే క్షేత్ర కార్యకర్త జీతం ఒకటి. జనవరిలో అడ్వాన్స్ తీసుకుని ఏప్రిల్‌లో బిల్లులు తెచ్చిన కార్యకర్త లెక్క ఒకటి. ఢిల్లీలో పార్లమెంటు స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో మీకున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతా నుంచి మీ ఊరి వినియోగ ఖాతాకు చేరిన సొమ్ము, ఆ ఖాతా మీద వచ్చిన వడ్డీ తప్పకుండా ఉండాలి. ఆ వడ్డీని కూడా విదేశీ విరాళంగానే చూపాలని తెలియని కన్సల్టెంట్ మీకు పనికిరాడు. మార్చి 31 నాటికి ఖర్చు కాకుండా మిగిలిన సీఎస్‌ఆర్ సొమ్ము, విరాళంగా వచ్చిన పాత కంప్యూటర్లు, పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు కోరిన చందాదారుడి వివరాలు కూడా కలపండి. దాతల పేర్లు, వ్యక్తుల పేర్లు తీసేసి ఆ పదింటినీ ఇద్దరికీ ఇచ్చి, మీ ముందూ కోశాధికారి ముందూ తమ పద్ధతిలో ఎక్కించి, మూడు నెలల నివేదిక తీసి చూపించమనండి. రెండు గంటల్లో మీకు తెలియవలసింది తెలుస్తుంది. మేనల్లుడు ఆ పరీక్షలో నెగ్గితే, బంధుత్వం వెల్లడించి అతనికే ఇవ్వడానికి మీకు కూడా అభ్యంతరం ఉండనక్కర్లేదు. నెగ్గకపోతే, కాదన్నది మీరు కాదు, ఆ పది వోచర్లు.

గతంలో పనిచేసిన సంస్థల పేర్లు ఇద్దరినీ అడగండి, పని ముగిసి ఏడాదికి పైబడినవి మాత్రమే. అక్కడి కార్యదర్శితో కాకుండా అకౌంటెంట్‌తో మాట్లాడండి. "ఆయన వెళ్లిపోయాక మీరు ఎక్సెల్ మానేశారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఒప్పందంలో ఏముండాలో పేజీల కొద్దీ రాయవచ్చు, మీ గత అనుభవం తర్వాత వదలకూడనివి మాత్రం చెబుతాను. లైసెన్సు, చందా, అడ్మినిస్ట్రేటర్ హక్కులు సంస్థ పేరున, సంస్థ ఈమెయిల్ మీద ఉండాలి. పాస్‌వర్డ్‌లు సీలు వేసిన కవరులో కోశాధికారి దగ్గర ఉండాలి, మారిన ప్రతిసారీ కవరు మారాలి. రుసుమును విడతలుగా ఇవ్వండి: ఖాతాల పట్టికను కార్యవర్గం ఆమోదించాక కొంత, ఓపెనింగ్ బ్యాలెన్స్‌లు (కొత్త పద్ధతిలో మొదట ఎక్కించే నిల్వలు) పాత ట్రయల్ బ్యాలెన్స్‌తో (అన్ని ఖాతాల నిల్వల జాబితాతో) రూపాయి తేడా లేకుండా సరిపోయాక కొంత, మొదటి త్రైమాసిక నివేదికను కన్సల్టెంట్ చెయ్యి పెట్టకుండా మీరే తీసి దాతకు పంపాక చివరి విడత. ఆ చివరి విడత మొత్తంలో నాలుగో వంతుకు తగ్గకూడదు. విడత విడుదల చేసేముందు పని జరిగిందన్న ధ్రువీకరణ మీ సంతకంతో ఉండాలని ఒప్పందంలో రాయించండి. గతంలో మీకు బాధ్యత ఉంది, అధికారం లేదు. ఈ ఒక్క వాక్యం ఆ రెండింటినీ కలుపుతుంది.

పాత లెక్కల గురించి కూడా ఒక షరతు అవసరం. ధార్మిక సంస్థల లెక్కల పుస్తకాలకు సంబంధించి పాత ఆదాయపు పన్ను నియమాల్లో 2022 ఆగస్టులో వచ్చిన 17ఏఏ నిబంధన ప్రకారం, సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం (లెక్కల ఏడాది తర్వాతి ఏడాది) ముగిసిన నాటి నుంచి పదేళ్లు వాటిని భద్రపరచాలి. చందా కట్టడం ఆపిన రోజున ఇంటర్నెట్‌లో ఉన్న లెక్కలు తెరుచుకుంటాయా, మొత్తం డేటాను చదవగలిగే రూపంలో దించుకోవచ్చా అని మేనల్లుడిని అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల సంఖ్యలూ ఫారాలూ మారాయి కాబట్టి, ఆ మార్పులను విడిగా డబ్బు తీసుకోకుండా సరిచేసే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే ఉండాలి.

మార్పు ఏప్రిల్ 1న మొదలుపెట్టండి, ఏప్రిల్ నుంచి జూన్ వరకు పాత పద్ధతీ కొత్త పద్ధతీ పక్కపక్కనే నడపండి. ఆ మూడు నెలలు మీకు పని రెట్టింపు అవుతుందని ముందే చెప్పి సహాయం అడగండి. సెప్టెంబరు ఆడిట్ హడావిడికీ, విదేశీ విరాళాలకు సంబంధించి డిసెంబరు 31లోగా వేయవలసిన ఎఫ్‌సీ–4 రిటర్నుకూ మధ్య ఇలాంటి పని పెట్టుకోమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

మీ ఉద్యోగం గురించి. సాఫ్ట్‌వేర్ కూడికలు చేస్తుంది. ఫలానా చెరువు పూడికతీత కూలి ఏ దాత ఖాతాలో వేయాలో దానికి తెలియదు, మీకు తెలుసు. అయితే మీకు నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. ఆ తెలివిడి అంతా మీ తలలో, మీకు మాత్రమే అర్థమయ్యే ఎక్సెల్ షీట్లలో ఉండటం సంస్థకు ప్రమాదం, మీకూ భారమే. ఖర్చుల పంపకం ఏ నిష్పత్తిలో, ఏ కారణంతో చేస్తున్నారో ఇరవై పేజీల్లో రాసిపెట్టండి. అలా రాస్తే మిమ్మల్ని తప్పించడం సులువవుతుందని మీకు అనిపించవచ్చు, ఆ అవకాశం అసలు లేదని నేను అనను. కానీ ఆ ఇరవై పేజీలు లేకుండా ఏ కన్సల్టెంట్ వచ్చినా తన ఊహ ప్రకారం పట్టిక కడతాడు, అది కూలినప్పుడు మళ్లీ మిమ్మల్నే అంటారు. అవి మీ పేరుతో కార్యవర్గం ముందుకు వెళ్తే, ఈ పని మీ చేతిమీదుగా మొదలైందన్న సంగతి రాతలో ఉంటుంది.

అధ్యక్షులవారితో ముందుగా మీరొక్కరే మాట్లాడకండి. కార్యదర్శి మీ పై అధికారి, నోట్ అడిగింది కూడా ఆయనే. మొదట ఆయనకు చూపించి, బంధుత్వం వెల్లడి విషయం అధ్యక్షులవారికి ఆయన చేతనే చెప్పించండి. సమావేశానికి ముందే చెబితే అది మర్యాద, అందరి మధ్యా లేవనెత్తితే అవమానం. మీరు నేరుగా మాట్లాడవలసి వస్తే, "అయ్యా, మీ మేనల్లుడి ప్రతిపాదన కూడా మిగతావాటితో పాటు నోట్‌లో పెట్టాను. రేపు మీ మీద ఎవరూ వేలెత్తకుండా అందరికీ ఒకే పరీక్ష పెడదామని కోశాధికారిగారితో అనుకున్నాం" అనండి. అందులో అబద్ధం లేదు, తిరస్కారమూ లేదు.

నోట్ రెండు పేజీలకు మించకుండా చూడండి. నాలుగు దారులు, ఒక్కొక్కదానికి ఐదేళ్ల ఖర్చు, ఏ నిధి నుంచి, డేటా ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరికి ఎవరితో ఏ సంబంధం ఉంది, పది వోచర్ల పరీక్షలో ఏం తేలింది. చివర "నా సిఫారసు" అని ఒక పేరా రాయండి, నిర్ణయం కార్యవర్గానిదేనని అందులోనే చెప్పండి. కింద సంతకం, తేదీ వేసి, కార్యదర్శికి అందినట్టు రెండో ప్రతి మీద ఆయన సంతకం తీసుకుని మీ ఫైల్లో పెట్టుకోండి. రెండేళ్ల కిందట మీ దగ్గర లేనిది ఆ కాగితమే.